కప్పను కోయకుండా చదువుదాం



మంచి వాన పడిన రాత్రి మన గుడుపల్లె చుట్టుపక్కల ఏ కుంట దగ్గరికి వెళ్లినా బెకబెకలతో చెవులు గింగురుమంటాయి. హాస్టల్లో ఉన్నన్నాళ్లూ ఆ గోలకు నిద్ర పట్టడం లేదని విసుక్కున్నాం. జంతుశాస్త్రం చదివాకే ఆ గోల విలువ తెలిసింది.

మా సీనియర్ల కాలంలో జువాలజీ ప్రాక్టికల్ అంటే క్లోరోఫాం వాసన, మైనం ట్రే, దానిమీద గుండుసూదులతో బిగించిన కప్ప. అండాశయం చూడాలన్నా, వృషణాలు చూడాలన్నా కడుపు కోయాల్సిందే. యూజీసీ 2011లో ఈ కోతలను దశలవారీగా తగ్గించమంది. 2014లో పూర్తిగా మానేయమంది. ఇది మంచి నిర్ణయం. కానీ మేము చదివిన చోట కప్ప స్థానంలో గోడమీద చార్టు మాత్రమే వచ్చింది. కోయడంతోపాటు కప్పను చూడడం కూడా మానేశాం. మా అభ్యంతరం దీనికే.

కప్పల సంతాన ఆరోగ్యం తెలుసుకోవడానికి కత్తి అక్కర్లేదు. జతకోసం అరిచేది మగకప్ప. ఎన్ని గొంతులు, ఎన్ని రాత్రులు వినిపించాయో రాసుకుంటే అదే మొదటి లెక్క. పెద్ద బోదురు కప్పల్లో మగవి ఆ రోజుల్లో పసుపుపచ్చగా మారతాయి, గొంతుకు ఇరువైపులా నీలిరంగు తిత్తులు ఉబ్బుతాయి. తెల్లవారి చూస్తే నీళ్లలో గుడ్లు కనిపిస్తాయి. ఒంటినిండా పొక్కులుండే కప్ప జిగురు దారాల్లో పూసలు గుచ్చినట్టు పెడుతుంది. చెట్టుకప్ప నురుగు గూడు కడుతుంది. ఆ గుడ్లు తోకకప్పలయ్యాయా, వాటికి కాళ్లొచ్చి గట్టెక్కాయా అన్నదే అసలు పరీక్ష. అరుపులుండి, గుడ్లుండి, పిల్లలు లేకపోతే ఏదో తేడా ఉన్నట్టే.

ఇంకా లోతుగా వెళ్లేవారు చిన్న అల్ట్రాసౌండ్ యంత్రంతో ఆడకప్ప కడుపులోని గుడ్లను చూస్తున్నారు. కప్పను కాసేపు ఉంచిన నీటిలోనే హార్మోన్లు కొలుస్తున్నారు. మన హైదరాబాదులోని సీసీఎంబీకి చెందిన లాకోన్స్‌లో అడవి జంతువుల పేడ, పెంటికల నుంచే హార్మోన్ల సంగతి తేలుస్తున్నారు.

"కప్పలు లెక్కపెడితే ఉద్యోగం వస్తుందా?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అయితే కప్ప చర్మం పలుచన. నీటిలో ఉన్నది దాని ఒంట్లోకి ఇంకుతుంది. అట్రజిన్ అనే కలుపుమందు కలిసిన నీటిలో పెంచిన మగకప్పల్లో పదోవంతు ఆడవిగా మారి గుడ్లు పెట్టాయని 2010లో అమెరికాలో టైరోన్ హేస్ బృందం ప్రకటించింది. మందు కంపెనీ ఒప్పుకోలేదు, వాదన సాగింది. మన టమోటా తోటల్లో మందు డబ్బా వీపున మోసేది మన అమ్మానాన్నలే. ఆ పొలాల నీరు చేరే కుంటలో ఏం జరుగుతోందో తెలుసుకోవడం మన ఇంటి పని కాదా?

పైగా దీనికి ఖరీదైన ల్యాబ్ అక్కర్లేదు. ఒక నోటుపుస్తకం, ఒక టార్చి చాలు. తేదీ, వాన, అరుపులు, గుడ్లు, పిల్లలు అని ఐదు గళ్లు గీయండి. కప్పల్ని పట్టుకోవద్దు. ఒక కుంట నుంచి ఇంకో కుంటకు వెళ్లేముందు చెప్పులు కడిగి ఆరబెట్టండి, కప్పల్ని చంపే బూజుజబ్బు తడి బురదతో పాకుతుంది. పాములుంటాయి, ఒంటరిగా వెళ్లవద్దు. వార్డెన్ గారికి చెప్పే వెళ్లండి.

వచ్చే వార్షికోత్సవ సంచికలో మీ కుంట లెక్క అచ్చయితే మా అందరికన్నా సంతోషించేవారు ఉండరు.