తెర చాటు కులం



కులం పోయిందని ఈ మధ్య తరచూ వింటున్నాం. నిజమే, చట్టానికి భయపడి ఎదుట తిట్టడం తగ్గింది. కానీ కులం ఊరు విడిచిపోలేదు, పేరు మార్చుకుంది. టీవీల్లో అది "సామాజిక వర్గం" అయింది. కోదాడ బస్సులో పక్కన కూర్చున్నాయన "మీ ఇంటిపేరేంది?" అని అడుగుతాడు. ఆయనకు కావలసింది పేరు కాదని ఇద్దరికీ తెలుసు. అద్దెకు ఇల్లు అడిగితే "మొన్ననే వేరేవాళ్ళకు ఇచ్చినం" అంటారు. వారం దాటినా టు-లెట్ బోర్డు అక్కడే ఉంటుంది.

ఎన్నికలు కూడా చూడండి. మన సూర్యాపేట జిల్లాలో సూర్యాపేట, కోదాడ, హుజూర్‌నగర్ జనరల్ స్థానాలు. తుంగతుర్తి ఒక్కటే ఎస్సీ రిజర్వుడు. జనరల్ అంటే అందరిదీ అని అర్థం. మరి ఆ మూడు చోట్ల ఒక మాదిగ బిడ్డనో మాల బిడ్డనో నిలబెడదామని ఏ పెద్ద పార్టీ అయినా గట్టిగా అనగా విన్నామా? "వాళ్ళకు తుంగతుర్తి ఉంది కదా" అంటారు. రాజ్యాంగం ఇచ్చిన కనీస హక్కును దాటకూడని హద్దుగా మార్చేశారు. పార్టీలను మాత్రమే అంటే చాలదు. గెలుపు లెక్కలు మన ఓట్లను చూసే వేస్తారు. పోలింగ్ కేంద్రంలో తెర చాటున మన వేలు ఏ కులాన్ని చూసి మీట నొక్కుతుందో మనుషులకు కనబడదు, దేవునికి కనబడుతుంది.

ఆ దాగిన మనసు బయటపడితే ఏమవుతుందో మిర్యాలగూడ చూసింది. 2018 సెప్టెంబరు 14న ప్రణయ్ అనే దళిత క్రైస్తవ యువకుణ్ణి, గర్భవతియైన భార్య కళ్ళెదుటే, ఆసుపత్రి బయట నరికి చంపారు. కిరాయికి చంపించింది ఆమె తండ్రే అని పోలీసుల అభియోగం. కేసు నడుస్తుండగానే 2020లో ఆయన చనిపోయాడు. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం విధించింది. కత్తికి శిక్ష పడింది. "కన్నతండ్రి బాధ కూడా చూడాలి కదా" అని ఆ కత్తిని వెనకేసుకొచ్చిన నోళ్ళను ఏ కోర్టు విచారిస్తుంది? వ్యర్థమైన ప్రతి మాటకూ లెక్క అడిగే న్యాయపీఠం ఒకటున్నదని మరువకండి.

ప్రియులారా, బాధితులం గనుక మనకు ఈ వాక్యం వర్తించదనుకోవద్దు. మాలల చర్చి, మాదిగల చర్చి అని పిలిచే ఊళ్ళు ఇంకా ఉన్నాయి. పెళ్ళి ప్రకటనల్లో "క్రైస్తవ" అన్న మాట పక్కన రెడ్డి, కమ్మ, మాల, మాదిగ అని రాయించేది అన్యులు కాదు. ప్రభువు బల్ల దగ్గర ఒకే రొట్టె, సంబంధాల దగ్గర వేరు వేరు కంచాలా? యాకోబు పత్రిక 2వ అధ్యాయం పక్షపాతాన్ని ఆచారమని ఊరుకోలేదు, పాపమని తేల్చింది.

పింగళి వెంకయ్య జెండా రూపుదిద్దిన కోట ఇక్కడే ఉందని నడిగూడెంలో గర్వంగా చెప్పుకుంటాం. జెండాకు వందనం చేసే చేయి, ఓటు వేసే చేయి, బిడ్డ పెళ్ళికి తాంబూలం అందుకునే చేయి ఒక్కటే. ఆ మూడు చోట్లా అది ఒకేలా ఉండాలి.

సిలువ మీద ప్రభువు ప్రాణం విడిచినప్పుడు దేవాలయపు తెర పైనుంచి కిందికి చినిగిపోయింది. దేవుడు చింపినదాన్ని మనం కుట్టుకోవద్దు. ఆమెన్.