రేకు పీకితే చప్పుడు పోతుంది, మరి వేడి?

పాత కారు కొని తెచ్చిన కొన్నాళ్లకే ఆ చప్పుడు మొదలవుతుంది. బండి స్టార్టు చేసి నిలబెట్టగానే అడుగు నుంచి డబ్బాలో మేకులు వేసి ఊపినట్టు గలగలమంటుంది. కాస్త వేగం అందుకుంటే మాయమవుతుంది. స్పీడు బ్రేకరు దగ్గర నెమ్మదిస్తే మళ్లీ అదే మోత. ఇంజనే పోయిందేమోనని యజమాని హడలిపోయి షెడ్డుకు తీసుకుపోతాడు. మిస్త్రీ కిందికి వంగి చూసి, "ఏం లేదు పటేలా, సైలెన్సర్ మీది రేకు ఊగుతున్నది, పీకేద్దామా?" అంటాడు. పీకెయ్యమంటాడు యజమాని. రెండు నిమిషాల్లో చప్పుడు బంద్. ఖర్చు లేదు, ఇద్దరికీ సంతోషమే.

బిచ్కుంద, మద్నూరు, జుక్కల్ ప్రాంతాల్లో మాత్రం ఇది ప్రమాదంతో కూడిన సంతోషం.

ఆ రేకు కంపెనీవారు అందానికి పెట్టినది కాదు. ఇంజను నుంచి వచ్చే పొగ గొట్టం వేడి పైన కారు అడుగుకు, పెట్రోలు గొట్టానికి, కింద నేలకు తగలకుండా అడ్డుపెట్టిన తడక అది. పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ అనే డబ్బా ఆ గొట్టంలోనే ఉంటుంది. మన దేశంలో 1995లో నాలుగు మహానగరాల కొత్త పెట్రోలు కార్లకు దీన్ని తప్పనిసరి చేశారు. తర్వాత అంతటా వచ్చింది. పని చేసేటప్పుడు దాని లోపలి వేడి 400 నుంచి 800 డిగ్రీల దాకా ఉంటుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బి.ఎస్.-6 నిబంధనలతో డీజిల్ కార్లకు మసి పట్టే ఫిల్టరు కూడా తోడైంది. అది పేరుకున్న మసిని అప్పుడప్పుడు 600 డిగ్రీల ప్రాంతపు వేడితో తనంతట తానే కాల్చుకుంటుంది. ఎండుగడ్డి అంటుకోవడానికి సుమారు 300 డిగ్రీలు చాలు.

161వ జాతీయ రహదారి మీద నాందేడ్ వైపు దూసుకుపోయే స్పోర్ట్స్ కార్లకు నేలకూ కారు అడుగుకూ మధ్య జానెడు ఎడం కూడా ఉండదు. ఇంజను బలం ఎక్కువ, వేడీ ఎక్కువే. అందుకే వాటికి ఇలాంటి రేకులు ఎక్కువగా బిగిస్తారు, అవీ ఇలాగే గలగలమంటాయి. అయితే ఆ కార్లు సోయా కుప్పల మధ్యకు రావు. మన కార్లు వస్తాయి.

నల్లరేగడి నేలలు గల ఈ ప్రాంతంలో సోయా, పెసర, మినుము, కంది, శనగ పంటలు విరివిగా పండుతాయి. కోతలు రాగానే కళ్లం చాలని రైతు రోడ్డునే కళ్లం చేసుకుంటాడు. ఒక పక్క గింజలు ఆరుతుంటాయి, మరో పక్క నూర్పిడి మిషను పొట్టు చిమ్ముతుంటుంది. పొలం చూడవచ్చిన బంధువు కారును నీడ కోసం తెచ్చి ఆ పొట్టు మీదనే నిలుపుతాడు. పది కిలోమీటర్లు నడిచి వచ్చిన ఆ కారు అడుగున రేకు లేకపోతే వేడి డబ్బా సరాసరి ఎండు పొట్టుకు ఎదురుగా ఉన్నట్టే. కర్ణాటకలో రోడ్డు మీద పరచిన ఉలవ కట్టె చక్రాలకు, గొట్టానికి చుట్టుకొని కార్లు తగలబడిన సంఘటనలు వార్తల్లో వచ్చాయి. అమెరికాలో 1975 మోడల్ కార్లకు ఈ కన్వర్టర్లు వచ్చినప్పుడే ఎండుగడ్డి మీద బండి నిలపరాదన్న హెచ్చరికలు మొదలైనవి. గొట్టం వేడి సంగతి మన చట్టానికీ తెలుసు. పొగ గొట్టం పెట్రోలు గొట్టానికి 35 మిల్లీమీటర్ల లోపు ఉండరాదని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నవి.

ఇంతకూ రేకు ఎందుకు మోగుతుంది? అది పలుచనిది. రోజూ వేడెక్కి సాగుతుంది, చల్లారి ముడుచుకుంటుంది. వానాకాలం బురద, నీళ్లు తగిలి బోల్టు చుట్టూ జంగు పడుతుంది. చిల్లు పెద్దదై రేకు బోల్టు తల నుంచి జారిపోతుంది. ఇక ఇంజను అదురు దానికి తాళం వేస్తుంది. కొన్నిసార్లు జంగు కూడా ఉండదు, రేకు సందులో ఇరుక్కున్న కంకర రాయే మోగుతుంటుంది.

బాగుచేయడం కూడా పెద్ద విద్యేమీ కాదు. బండి పూర్తిగా చల్లారిన తర్వాత, జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా గట్టి స్టాండ్లు వేసి, రేకును పిడికిలితో తట్టి చూస్తే ఏ మూల ఊగుతున్నదో తెలిసిపోతుంది. చిల్లు పెద్దదైతే వెడల్పాటి వాచరు వేసి బోల్టు బిగించాలి. బోల్టు కూర్చునే చోటే ఊడిపోతే, పైపులకు వేసే స్టీలు క్లాంపును రేకు చుట్టూ తిప్పి బిగిస్తే సరిపోతుంది. ప్లాస్టిక్ తాడు, టేపు పనికిరావు, కరిగిపోతాయి. ఒక్క మాట మాత్రం మిస్త్రీలు గుర్తుంచుకోవాలి. చప్పుడు పోవాలని రేకును గొట్టానికి అంటుకునేలా అదిమి బిగించరాదు. ఆ రెంటి మధ్య గాలి ఆడే సందే వేడిని ఆపేది. మరొకటి: రేకు గట్టిగా ఉన్నా లోపల పెంకులు దొర్లినట్టు చప్పుడు వస్తుంటే అది కన్వర్టర్ పగిలిన గుర్తు కావచ్చు. దానికి క్లాంపు మందు కాదు.

మోటారు సైకిళ్ల సంగతి ఇంకా అన్యాయం. సైలెన్సర్ మీది చిన్న రేకు ఒక స్క్రూ ఊడితే రెండోదాన్నీ ఊడబీకి పారేస్తున్నారు. చాలా బండ్లకు సైలెన్సర్ కుడివైపునే ఉంటుంది. వెనుక కూర్చున్న పిల్ల దిగేటప్పుడు కుడి పిక్క సరిగ్గా దానికే ఆనుతుంది. ఆ మచ్చ ఏళ్ల తరబడి పోదు. కాలిన చోట చల్లని నీటిధార 20 నిమిషాలు పట్టాలి. పేస్టు, పసుపు పూయడం మంచిది కాదు.

తప్పంతా బండ్లవారిదే అనడమూ న్యాయం కాదు. రోడ్డు మీద పంట ఆరబెట్టడం రైతుకు సరదా కాదు. ఉపాధి హామీ నిధులతో కట్టిన కల్లాల మీద 2022లో రాష్ట్ర, కేంద్ర ప్రభుత్వాలు లెక్కలు తేల్చుకోలేక వాదులాడుకున్నాయి. వాదం ఎవరు గెలిచినా గింజ మాత్రం తారు మీదనే ఆరింది. ఊరూరా చాలినన్ని కల్లాలు కట్టిస్తే పొట్టు రోడ్డెక్కే అవసరం చాలా వరకు తప్పుతుంది.

కల్లాలు వచ్చేదాకా ఆగవలసిన పని ఒక్కటీ షెడ్లలో లేదు. సోయా కోతలు సెప్టెంబరు చివర మొదలవుతాయి. ఆలోగా ప్రతి మిస్త్రీ ఒక పెట్టెడు స్టీలు క్లాంపులు, వెడల్పాటి వాచర్లు తెచ్చిపెట్టుకోవాలి. "పీకెయ్" అన్న గిరాకీకి వాటిని చూపించాలి. ఇదివరకే పీకేయించుకున్నవారు షెడ్డు మూలన తుక్కులో తమ రేకు ఇంకా ఉన్నదేమో వెళ్లి వెతుక్కోవాలి.