పొగమంచు దీపాలకు ఫైబర్ మూతలు: అందం ఒకరిది, అపాయం అందరిది

సూర్యాపేట (మా విలేఖరి): చలి ముదిరిందంటే ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో తెల్లవారుజామున రోడ్లను మంచు కమ్మేస్తుంది. చెరువు కట్టల మీద, సాగర్ ఎడమ కాల్వ వెంట, మూసీ వంతెనల వద్ద ఎదుటి బండి దగ్గరికి వచ్చేదాకా కంటికి ఆనదు. కారు ముందు బంపర్‌లో కిందుగా వుండే ఫాగ్ లైట్లకు ఈ రోజుల్లోనే పని పడుతుంది. కాగా, ఆ లైట్లకు ఫైబర్‌తో సొంత మూతలు చేయించుకునే ముచ్చట యువకుల్లో వుంది. చుట్టూ చట్రం కట్టుకుంటే ఎవరికీ ఇబ్బంది లేదు. అందం కోసం లైటునే కప్పేయడం మాత్రం ఆలోచించవలసిన విషయం.

ఫైబర్ ఎందుకు?

ముందు ఫాగ్ లైట్లు కార్లకు చట్ట ప్రకారం తప్పనిసరి కావు. తక్కువ ధర మోడళ్లకు కంపెనీయే ఆ చోట ఖాళీ మూత వేసి అమ్ముతుంది. రాయి తగిలో, గేదె అడ్డమొచ్చో ఆ మూత పగిలితే కొత్తది దొరకడం కష్టం, దొరికినా ఖరీదు. అందుకే జనం డెంటింగ్, పెయింటింగ్ షెడ్ల దారి పడుతున్నారు. 65వ నంబరు జాతీయ రహదారి మీద ఒకవైపు హైదరాబాద్ ఆటోనగర్, మరోవైపు విజయవాడ ఆటోనగర్ వుండటంతో సామానుకు, పనితనానికి మన జిల్లాలో కొదవ లేదు.

రేకును నొక్కి తయారుచేయాలంటే పెద్ద ప్రెస్సు, ఖరీదైన అచ్చు కావాలి. ఫైబర్‌కు చేతి పని చాలు. అమెరికాలో జనరల్ మోటార్స్ 1953లో కార్వెట్ కారు బాడీని ఫైబర్‌తోనే చేసింది. బెంగళూరులో సిపానీ కంపెనీ 1980 దశకంలో డాల్ఫిన్ అనే చిన్న కారును ఫైబర్ బాడీతో అమ్మింది. కొద్ది సంఖ్యలో వస్తువులు చేసేవారికి ఇది అనువైన విద్య.

పని ఇలా సాగుతుంది. ముందు బంపర్ చుట్టూ టేపు వేసి, అచ్చుకు మైనం పట్టిస్తారు. ఫైబర్ మ్యాట్ ముక్కలను రెజిన్‌తో తడిపి పొర మీద పొర పరుస్తారు. గాలి బుడగ లేకుండా బ్రష్‌తో అద్దుతారు. గట్టిపడ్డాక ఊడదీసి, అంచులు కోసి, పుట్టీ పెట్టి, వాటర్ పేపర్‌తో రుద్ది రంగు కొడతారు. మామూలుగా కిలో రెజిన్‌కు 10 నుంచి 20 గ్రాముల హార్డనర్ పడుతుంది. త్వరగా ఆరాలని ఎక్కువ పోస్తే వేడెక్కి పొగలు వస్తాయి, పగుళ్లు బారుతుంది. ఎండాకాలంలో మరీ జాగ్రత్త అవసరం.

కూలి చేతుల గోస

కారు యజమానికి కనిపించేది నిగనిగలాడే రంగు మాత్రమే. షెడ్డులో పనిచేసే కుర్రవానికి మిగిలేది దురద, దగ్గు. కోసేటప్పుడు, రుద్దేటప్పుడు లేచే గాజు నూగు చర్మంలో దిగుతుంది. రెజిన్ నుంచి వచ్చే స్టైరీన్ ఆవిరికి తల తిరుగుతుంది, కండ్లు మండుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2018లో స్టైరీన్‌ను బహుశా క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది.

హార్డనర్ చుక్క కంట్లో పడితే చూపే పోవచ్చు. వెంటనే పదిహేను నిమిషాలకు తగ్గకుండా నీళ్లతో కడిగి ఆసుపత్రికి పోవాలి. కోబాల్ట్‌ను, హార్డనర్‌ను నేరుగా కలిపితే పేలిపోయే ప్రమాదం వుంది. ముందు రెజిన్‌లో కోబాల్ట్ బాగా కలిపిన తర్వాతే హార్డనర్ పోయాలి. కండ్లద్దాలు, చేతి తొడుగులు, ఆవిరిని ఆపే మాస్కు, గాలి ఆడే చోటు లేనిదే ఈ పని ముట్టరాదు. ముక్కుకు కట్టే దస్తీ ఆవిరిని ఆపలేదు.

మంచులో ఏ వెలుగు?

మంచు అంటే గాలిలో తేలే నీటి తుంపరలే. హెడ్‌లైటు ఎత్తి వేస్తే ఆ వెలుగు తుంపరలకు తగిలి తిరిగి డ్రైవర్ కండ్లలోనే పడుతుంది, ముందు తెల్లటి గోడ నిలిచినట్లవుతుంది. ఫాగ్ లైటు కిందుగా వుండి, వెలుగును పైకి పోనీయకుండా రోడ్డు అంచుల దాకా వెడల్పుగా పరుస్తుంది. దాన్ని మూతతో కప్పినా, పైకి తిప్పినా వున్న గుణం పోతుంది. పైగా ఫాగ్ లైట్లలో వాడే హాలోజన్ బల్బులు చాలావరకు 55 వాట్లవి. మూత వేసి వుండగా పొరపాటున స్విచ్చి వేస్తే ఆ వేడికి మామూలు రెజిన్ మెత్తబడుతుంది, మాడుతుంది.

వైరింగ్ మరో తంటా. రిలే, ఫ్యూజు లేకుండా హెడ్‌లైటు తీగకే కొత్త లైట్లు కలిపితే తీగలు కాలే ముప్పు వుంది. 2013 అక్టోబర్ 30న కొత్తకోట మండలం పాలెం వద్ద బస్సు కల్వర్టును ఢీకొని తగలబడి 45 మంది ప్రాణాలు పోయాయి. దాని కారణాలు వేరు. అయినా బండికి నిప్పంటుకుంటే తప్పించుకునే వ్యవధి ఎంత తక్కువో ఆ రోజు ఈ జిల్లాలు కండ్లారా చూశాయి.

చట్టం ఏమంటుంది?

కంపెనీ నిర్దేశాలకు విరుద్ధంగా బండిని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అదే ఏడాది సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 182ఎ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి రూ.5,000 జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. లైటు లేని రంధ్రానికి మూత వేసుకోవడం వేరు, వున్న లైటును కప్పడం వేరు. అనుమానముంటే పని చేయించకముందే రవాణా శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోవడం మేలు.

ట్రాక్టర్ల సంగతి

తప్పంతా కార్లదే అనడానికి లేదు. మంచు పడే రోజులు, వరి కోతలు, పత్తి తోలకాలు ఇంచుమించు ఒకేసారి వస్తాయి. మిర్యాలగూడ మిల్లులకు వడ్లు తెచ్చే ట్రాక్టర్లు రోడ్ల వెంట బారులు తీరుతాయి. జడ్చర్ల నుంచి కల్వకుర్తి, దేవరకొండ మీదుగా కోదాడ పోయే 167వ నంబరు రోడ్డుపైనా పంట బండ్లు తిరుగుతాయి. వెనక ఎర్ర లైటు, మెరిసే పట్టీ లేని ట్రెయిలర్‌ను మంచులో ఎంత మంచి ఫాగ్ లైటూ సకాలంలో చూపలేదు. లైటు మనకు దారి చూపడానికే కాదు, మనల్ని ఎదుటివానికి చూపడానికి కూడా.

చేయవలసింది

రాష్ట్రంలో 65 ఐ.టి.ఐ.లను అధునాతన శిక్షణ కేంద్రాలుగా మార్చే పని 2024లో మొదలైంది. మన జిల్లాల కేంద్రాల్లో ఫైబర్ పనిని, దానితోపాటు జాగ్రత్తలను నేర్పితే షెడ్డు కుర్రవాళ్లకు ఆరోగ్యం, అన్నం రెండూ దక్కుతాయి. రవాణా, పోలీసు అధికారులు చలికాలానికి ముందే వడ్ల కొనుగోలు కేంద్రాలు, పత్తి మిల్లుల వద్ద ట్రెయిలర్లకు మెరిసే పట్టీలు అంటించే ఏర్పాటు చేయాలి. షెడ్ల యజమానులు చట్రం చేసివ్వాలే గాని లైటును కప్పే మూత చేయబోమని చెప్పాలి. ఆ మాట వల్ల ఒకటి రెండు గిరాకీలు పోవచ్చు. తెల్లవారుజామున పాల క్యాన్లతో రోడ్డెక్కే మనిషి మాత్రం క్షేమంగా ఇల్లు చేరతాడు.