మీట నొక్కే చేయి, లెక్క కట్టే బుద్ధి

పనిముట్టు మారినప్పుడెల్లా పనివాని విద్య కూడ మారవలసి వచ్చింది. కొలిమి ముందు కూర్చున్న కమ్మరిది ఒక విద్య. ఖరాదు యంత్రం త్రిప్పిన మేస్త్రీది మరొక విద్య. నేడు మన పరిసరాలలో, పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామిక వాడలలో, సి.ఎన్.సి. యంత్రాలు నడుస్తున్నాయి. సంఖ్యల రూపంలో ఆజ్ఞలు గ్రహించి, మిల్లీమీటరులో నూరవ వంతు తేడా రాకుండ లోహాన్ని చెక్కగల యంత్రాలివి. వీటి ముందు మన యువకులు నిలబడి ఉన్నారు. వారు మీట నొక్కేవారుగానే మిగిలిపోవాలా, లేక ఆజ్ఞలు వ్రాసేవారుగా ఎదగాలా? ఈ ప్రశ్ననే మేము విద్యార్థి మిత్రుల ముందు, కళాశాల కమిటీ పెద్దల ముందు ఉంచదలచినాము.

మన ప్రాంతానికి యంత్రవిద్య క్రొత్తది కాదు. రామచంద్రాపురంలో భెల్ కర్మాగారం 1960ల దశాబ్దంలోనే వెలసింది. 1970ల నుండి పటాన్‌చెరు పారిశ్రామికంగా పెరిగింది. ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం 1984లో ఏర్పడింది. భానూరులో భారత్ డైనమిక్స్ వారి కర్మాగారం ఉన్నది. 2008లో ఐ.ఐ.టి. హైదరాబాదు తన తొలి తరగతులను ఎద్దుమైలారంలోనే ఆరంభించి, తరువాత కందిలోని సొంత ప్రాంగణానికి చేరినది. ఇంతటి విద్య, ఇంతటి యంత్రసంపద మన గడప ముందే ఉన్నవి. అయినను ఈ గడప నుండి ఆ గడపకు వేసిన వంతెన మాత్రం ఇరుకైనదనే మా అభిప్రాయం. మా పూర్వ విద్యార్థులలో పలువురు యంత్రం తలుపు తెరచి జాబు బిగించుట, తలుపు మూసి ఆకుపచ్చ మీట నొక్కుట నేర్చినారు. ప్రోగ్రాము వ్రాయుటకు, యంత్రం మొరాయించినపుడు కారణం కనుగొనుటకు మాత్రం పైవారి కోసం ఎదురుచూస్తున్నారు.

ఈ యంత్రాల పుట్టుకలోనే ఒక పాఠమున్నది. హెలికాప్టరు రెక్కల తయారీలో పనిచేసిన జాన్ పార్సన్స్ అనే అమెరికనుకు, వంకర ఆకృతిని లెక్కించిన బిందువులుగా విడగొట్టి యంత్రాన్ని నడపవచ్చునన్న ఆలోచన కలిగింది. దాని ఫలితంగా 1952లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో చిల్లుల కాగితపు పట్టీ చదివి పనిచేసే మిల్లింగు యంత్రాన్ని ప్రదర్శించినారు. యంత్రం అదే, ఉక్కు అదే; క్రొత్తగా వచ్చినది లెక్క. తొమ్మిదవ శతాబ్దంలో బాగ్దాదు నగరంలో గణితం వ్రాసిన అల్ ఖ్వారిజ్మీ పేరు నుండియే, క్రమబద్ధమైన లెక్కకు నేడు లోకమంతా వాడే ‘అల్గారిథం’ అన్న మాట పుట్టింది. ఆయన పేరు గర్వంగా చెప్పుకొనే మనం ఆయన విద్యకు దూరంగా నిలుచుట న్యాయమా?

ప్రోగ్రాము అనగానే జడిసిపోనక్కరలేదు. అందలి అక్షరాలు కొద్ది. జి 00 అన్నచో టూలు వేగంగా కదలవలెను. జి 01 అన్నచో చెప్పిన ఫీడుతో సరళరేఖలో కోయవలెను. జి 02, జి 03 వృత్తఖండాలకు. ఎం 03 స్పిండిలు త్రిప్పుటకు. ఎం 30 ప్రోగ్రాము ముగింపునకు. ఈ పట్టికను చురుకైన పిల్లవాడు వారంలో కంఠస్థం చేయగలడు. కాని మంత్రాలకు చింతకాయలు రాలవు. ఆజ్ఞ వెనుక కారణం తెలియనివాడు, పట్టిక అంతా నోటికి వచ్చినను, యంత్రం దగ్గర పరాయివాడే.

ఒక చిన్న చుక్కను చూడండి. కొన్ని కంట్రోళ్ళలో ఎక్స్ 50 అని వ్రాసి దశాంశ బిందువు మరచినచో యంత్రం దానిని 50 మిల్లీమీటర్లుగా గ్రహింపదు. 50 మైక్రాన్లుగా, అనగా 0.05 మిల్లీమీటరుగా గ్రహిస్తుంది. టూలు చేరవలసిన చోటికి చేరక మరొక చోటికి పోతుంది. జాబు చెడుతుంది, లేదా టూలు విరుగుతుంది. వ్యాకరణంలో విరామచిహ్నం తప్పితే అర్థం చెడుతుందని మేము తరగతిలో చెబుతాము. ఇక్కడ చుక్క తప్పితే ఉక్కు చెడుతుంది.

మరొకటి చూడండి. లేతు మీద జి 96 ఆజ్ఞ ఇచ్చినచో కోతవేగం మారకుండ ఉండుటకై వ్యాసం తగ్గినకొలది స్పిండిలు వేగం తానే పెరుగుతుంది. నిమిషానికి 150 మీటర్ల కోతవేగం అనుకొందాము. 50 మిల్లీమీటర్ల వ్యాసం వద్ద స్పిండిలు నిమిషానికి సుమారు 955 చుట్లు తిరుగుతుంది. 10 మిల్లీమీటర్లకు వచ్చేసరికి అది సుమారు 4775 చుట్లవుతుంది. జాబు కేంద్రానికి చేరినకొలది ఆ వేగం యంత్రం గరిష్ఠ వేగాన్ని తాకుతుంది. చక్కు పట్టు సడలి జాబు ఎగిరిపోయే అపాయమున్నది. అందుకే చాల లేతులలో ముందుగా జి 50తో వేగానికి హద్దు పెట్టవలెను. ఈ హద్దు ఎందుకో తెలిసినవాడు దానిని మరువడు. బట్టీ పట్టినవాడు తొందరలో మరచును. అక్కడ పణంగా ఉన్నది మనిషి ప్రాణం.

ఇక దోషనిర్ణయం. యంత్రం ముందు నిలిచినవాడు వైద్యుని వలె ఉండవలెను. జ్వరం అందరికీ ఒకటే, కారణాలు వేరు. ఉపరితలం మీద అలల వంటి గీతలు పడి, కోత చప్పుడు కీచుమని మారినచో కారణం చక్కు పట్టు కావచ్చును, అరిగిన ఇన్సర్టు కావచ్చును, వేగం కావచ్చును, హోల్డరు నుండి టూలు మరీ పొడవుగా బయటికి వచ్చుట కావచ్చును. టూలు బయటికి వచ్చిన పొడవు రెట్టింపైతే, అదే బలానికి దాని వంపు ఎనిమిది రెట్లవుతుంది. ఈ ఒక్క సూత్రం తెలిసినవాడు మొదట టూలును లోనికి నెట్టి చూస్తాడు. తెలియనివాడు నాలుగు మార్పులు ఒకేసారి చేసి, ఏది పనిచేసెనో తెలియక మరునాడు మళ్ళీ మొదటికి వస్తాడు. ఒకసారి ఒక్కటే మార్చవలెను, మార్చినది వ్రాసిపెట్టవలెను. దోషనిర్ణయానికి ఇదియే మూలసూత్రం.

మా పూర్వ విద్యార్థి ఒకడు పనిచేసే చోట జరిగిన విషయం చెప్పెదము. 100 మిల్లీమీటర్ల వ్యాసం గల ఉక్కు జాబులను యంత్రం నుండి తీసిన వెంటనే కొలిచేవారు. మైక్రోమీటరు కొలత ఎక్కువ చూపేది, ఆఫ్‌సెట్టు తగ్గించేవారు. మరునాడు తనిఖీలో అవే జాబులు చిన్నవిగా తేలేవి. నింద ప్రోగ్రాము మీద, ఆపరేటరు మీద పడేది. దోషం వేడిది. 100 మిల్లీమీటర్ల ఉక్కు 20 డిగ్రీలు అధికంగా వేడెక్కితే సుమారు 0.023 మిల్లీమీటరు పెరుగుతుంది. చల్లారిన తరువాత కొలవవలెనన్న మాట అక్కడ ఎవరికీ తట్టలేదు. పాఠశాల భౌతికశాస్త్రంలో ఘనపదార్థాల వ్యాకోచం చదివి మార్కులు తెచ్చుకొన్నవారే వారందరును! చదివినది ఒక గదిలో, పని మరొక గదిలో ఉండిపోయినవి.

ఆ రెండు గదుల నడుమ గోడ ఏమిటని మేము ఆలోచించినాము. చాలవరకు అది భాషయే. యంత్రం పుస్తకం ఇంగ్లీషులో ఉండును. పిల్లవాడు తెలుగులోనో ఉర్దూలోనో ఆలోచించును. ఆజ్ఞలు ఇంగ్లీషు అక్షరాలే కదా, మాతృభాష ఎందుకని కొందరంటారు. అక్షరాలు పదో ఇరవయ్యో. వాటి వెనుక కారణాలు వందలు. కారణం మనసుకెక్కేది ఆలోచించే భాషలోనే. ఇది అసాధ్యమని ఈ నేల మీద ఎవరును అనరాదు. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో వైద్యం, ఇంజనీరింగు సైతం ఉర్దూలో బోధించినారు. అందుకు గ్రంథాలు సమకూర్చుటకై అనువాద శాఖ 1917లోనే ఏర్పడింది. తెలుగులో పాఠ్యగ్రంథాలకై 1968లో తెలుగు అకాడమి వెలసింది. చేసినవారున్నారు, కొనసాగించుట మన వంతు. ఇంగ్లీషును విడువుమని మేము చెప్పుట లేదు. మన భాషలో అర్థం చేసుకొని, ఇంగ్లీషులో వ్రాయుమని చెబుతున్నాము.

ఆర్ట్స్, కామర్సు చదివే కళాశాలకు ఈ గొడవ ఏలయని కమిటీలో ఎవరైనా అడగవచ్చును. మన పట్టభద్రులు ఎక్కడ ఉద్యోగాలు వెదకుకొంటున్నారో ఆ దిక్కు చూసినచో సమాధానం దొరుకుతుంది. ఖరీదైన యంత్రం కొనుమని మేము కోరుట లేదు. ఉన్న కంప్యూటర్లలో టూలు మార్గాన్ని చూపే సాఫ్టువేరు పెట్టి, సాయంకాలం ఒక తరగతి నడుపవచ్చును. నాలుగు మైక్రోమీటర్లు, ఒక డయల్ గేజి కొనవచ్చును. బాలానగరులో 1968లో స్థాపితమైన కేంద్రీయ టూల్ డిజైన్ సంస్థకు విద్యార్థులను తీసుకొనిపోవచ్చును. ఆడపిల్లలకు కూడ ఈ తరగతిలో సమాన స్థానం ఉండవలెను. ప్రోగ్రాము వ్రాయుటకు కండబలం అక్కరలేదు.

అన్నిటికన్న ముఖ్యంగా ఒక పుస్తకం కావలెను. కర్మాగారాలలో ఉన్న మన పూర్వ విద్యార్థులు తాము చూచిన ప్రతి దోషాన్ని, దాని కారణాన్ని, చేసిన చికిత్సను తెలుగులోను ఉర్దూలోను వ్రాసి పంపవలెను. పాత ఉస్తాదులు విద్యను చేతిలో దాచుకొనేవారు. ఉస్తాదు పోతే విద్య పోయేది. కాని 1206లో తన యంత్రాల గ్రంథం ముగించిన అల్ జజరీ, ప్రతి యంత్రం కొలతలను, కూర్చు విధానాన్ని వ్రాసిపెట్టినాడు. అందుకే ఎనిమిది శతాబ్దాల తరువాత కూడ ఆయన యంత్రాలను మళ్ళీ నిర్మింపగలుగుతున్నారు. వ్రాసిన విద్యయే నిలుచును.

విద్యార్థి మిత్రులారా, కోత చప్పుడు విని రోగం చెప్పగల ఉస్తాదు చెవి మీకు కావలెను. ఆ చప్పుడుకు సంఖ్య చెప్పగల బుద్ధియు కావలెను. ఒకటి ఉండి మరొకటి లేనివాడు సగం పనివాడు. ఆ రెండింటిని కలిపే తరగతిని రాబోయే విద్యాసంవత్సరంలోనే ఆరంభింపవలసినదని కమిటీ పెద్దలను కోరుతున్నాము.