బుల్లెట్టు బండిలో వెనక సీటేనా?

2021లో మంచిర్యాల పెళ్లికూతురు బరాత్‌లో 'బుల్లెట్టు బండి' పాటకు ఆడిన వీడియో మీరంతా చూసే ఉంటారు. మోహన భోగరాజు పాడిన ఆ పాట నాకూ ఇష్టమే, కరీంనగర్ పెళ్లిళ్లలో నేనూ కాలు కదిపాను. కానీ పాటలో పిల్ల ఎక్కేది పిలగాడి బండి. హ్యాండిల్ వాడి చేతిలోనే!

మా ఇంట్లోనూ అంతే. బాబుకు 18 నిండగానే అవెంజర్ కొనిచ్చాం. పాప నడుపుతానంటే మా అత్తమ్మ, "ఆడివిల్లకు గంత బరువు బండెందుకు బిడ్డా, కాళ్లన్న అందుతయా?" అన్నది.

ఎందుకందవు? వాళ్ల నాన్న స్ప్లెండర్ సీటు ఎత్తు 785 మిల్లీమీటర్లు, అవెంజర్‌ది 737. క్రూయిజర్ సీటే కిందికుంటుంది. ఇక బరువంటారా, గ్యాస్ సిలిండర్ జరిపేటప్పుడు ఎవరికీ గుర్తురాదేం? హైదరాబాద్ నుంచి జై భారతి, మరో ముగ్గురు ఆడవాళ్లు 2018లో మోటార్ సైకిళ్ల మీద ఆగ్నేయాసియా దాకా వెళ్లారు, 17 వేల కిలోమీటర్లు. బెంగళూరు అమ్మాయి ఐశ్వర్య పిస్సే 2019లో బాహా రేసుల ప్రపంచ కప్పు మహిళల విభాగంలో గెలిచింది.

అత్తమ్మననేం లాభం? తాళంచెవి కొడుక్కే ఇచ్చింది నేను. మొన్న పాపకు లెర్నింగ్ లైసెన్స్ తీయించాను. నేర్పేది వాళ్లన్నే. మొహం మాడ్చుకున్నాడు గానీ, హెల్మెట్ ఇచ్చాడు.