'తేలిక' అనే విశేషణంతో నా తగవు



విశేషణం విశేష్యాన్ని వివరించాలే గాని దాన్ని మింగివేయరాదని తరగతి గదిలో ఏళ్ల తరబడి చెప్పినవాణ్ణి. పదవీ విరమణ చేసినా ఆ చాదస్తం పోలేదు. ఈనాటి తిండి అంగళ్ల పలకలు చదువుతుంటే నాకు అన్నిచోట్లా ఈ మింగివేతే కనబడుతున్నది. 'లైట్', 'హెల్దీ', 'ఫిట్', 'మల్టీగ్రెయిన్', 'వెజ్' అని విశేషణాలన్నీ ముందు బారులు తీరి నిలుచుంటాయి. వాటి వెనుక బిక్కుబిక్కుమంటూ శాండ్‌విచ్ అనే నామవాచకం. "బయట తినక తప్పకపోతే శాండ్‌విచ్ తినండి, అది తేలిక" అనే సలహా చదువుకున్నవారి నోట వేదవాక్యంలా చలామణి అవుతున్నది. నా తగవు ఆ సలహాతోనే. శాండ్‌విచ్ మీద నాకే కక్షా లేదు.

దారిలో తినేవారిని ఈసడించే పెద్దల పక్షం కూడా నాది కాదని ముందే మనవి చేస్తున్నాను. మా పి.గన్నవరం మండలంలోని లంకల గన్నవరం డొక్కా సీతమ్మ గారి ఊరు. 1909లో పరమపదించిన ఆ తల్లి, గోదావరి పాయలు దాటి వచ్చిన బాటసారులకు వేళ కాని వేళలో కూడా వండి వడ్డించింది. మా ఊరి కొత్త ఆక్విడక్టుకు ఆమె పేరు పెట్టుకున్నాము. 2024లో బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి కూడా ప్రభుత్వం ఆమె పేరే పెట్టింది. ఆమె ఇంటి ముంగిట నిలిచిన వారందరూ దారిలో ఆకలి వేసినవారే గదా! ఇంటి నుంచి క్యారేజీ తెచ్చుకోలేదేమని ఆవిడ ఎవరినీ దెప్పలేదు. నేటి బాటసారికి ఆ అరుగు లేదు, బేకరీ ఉన్నది. అక్కడ ఏమి తినాలని అతడు అడిగితే, "బయట తినకూడదు" అనడం జవాబు కాదు, తప్పించుకోవడం.

నా పూర్వవిద్యార్థి ఒకడు మందుల కంపెనీ ప్రతినిధి. వయసు ముప్ఫై ఆరు. మోటారు సైకిలు మీద రావులపాలెం, కొత్తపేట, అమలాపురం, రాజోలు తిరుగుతాడు. రెండేళ్ల క్రితం మధుమేహం బయటపడింది. మొన్నామధ్య కనబడి,

"బిర్యానీ మానేశానండి మాస్టారూ. మధ్యాహ్నం శాండ్‌విచ్చేనండి. అయినా షుగరు దిగట్లేదండి," అన్నాడు.

"ఏం శాండ్‌విచ్ నాయనా?"

"వెజ్జేనండి. మయొనైజూ చీజూ వేసి గ్రిల్ చేసిస్తారు."

"తాగేదో?"

"చిన్న కూల్‌డ్రింకండి. గొంతు దిగాలి గదండి మరి."

వాడిని నేనేమీ అనలేదు. వాడు చెప్పిన మాట విన్నవాడే. చెప్పినవారే సగం చెప్పి ఊరుకున్నారు. మిగిలిన సగం ఇక్కడ లెక్క కడతాను. తెలుగు పండితుడికి లెక్కలేమిటని నవ్వేవారు నవ్వవచ్చును. ఈ లెక్కకు కూడిక వస్తే చాలు.

మామూలు రొట్టె ముక్క ఒకటి రమారమి 70 కెలోరీలు. రెండు ముక్కలకు 140. దోసకాయ, టమాటా, ఉల్లి చక్రాలకు మహా అయితే 20. ఇక్కడికి 160. ఇంతవరకూ 'తేలిక' అన్న మాట సత్యమే. ఇప్పుడు పూత మొదలవుతుంది. మయొనైజు అంటే ప్రధానంగా నూనె. అసలు పద్ధతిలో చేసినదానిలో నూటికి డెబ్బై పాళ్లకు పైగా నూనే ఉంటుంది. పెద్ద చెంచాడుకు 90 దాటుతుంది, వేసేది రెండు చెంచాలకు తగ్గదు. అది 180. చీజు బిళ్ల 60. పెనం మీద రెండు వైపులా కాల్చడానికి 10 గ్రాముల వెన్న, 70. పూతలూ పైమెరుగులూ కలిసి 310 అయినవి. రొట్టె, కూరగాయలు కలిసినా అందులో సగమే. పైగా 250 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకు, సుమారు 110 కెలోరీలు, అదంతా చక్కెరే. మొత్తం 580. ఇందులో మైదా, కొవ్వు, చక్కెర దండిగా ఉన్నాయి. మాంసకృత్తులూ పీచూ నామమాత్రం. మూడింటికల్లా మళ్లీ ఆకలి వేస్తుంది, అప్పుడొక పఫ్ఫు. మావాడి షుగరు ఎలా దిగుతుంది?

ఇంతకూ ఆ రొట్టె రొట్టేనా అని సందేహించిన న్యాయస్థానం కూడా ఉన్నది. ఐర్లండు దేశపు 1972 నాటి పన్ను చట్టం ప్రకారం, రొట్టెలో పంచదార బరువు పిండి బరువులో నూటికి రెండు పాళ్లు మించరాదు. సబ్‌వే వారి శాండ్‌విచ్ రొట్టెలో అది పది పాళ్లున్నది. కనుక పన్ను మినహాయింపు పొందే నిర్వచనంలోకి అది రాదని ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానం 2020లో తేల్చింది. తగవు పన్ను గురించే, ఆరోగ్యం గురించి కాదు. అయినా ఒక పదానికి నిర్వచనం అడిగి, తూకం వేసి, తీర్పు చెప్పిన ఆ న్యాయమూర్తులను తలచుకుంటే వ్యాకరణం చెప్పుకొన్నవాడిగా నాకు ముచ్చట వేస్తుంది.

'వెజ్' అన్న విశేషణం మాటకొస్తే, 2024 అక్టోబరులో తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్డుతో చేసే మయొనైజును ఏడాది పాటు నిషేధించింది. కారణం సూక్ష్మక్రిముల వల్ల కలిగే అనారోగ్యం, ఆ కారణం న్యాయమైనదే. అయితే గుడ్డు లేదు గనుక ఇది ఆరోగ్యకరమని జనం అనుకుంటున్నారు. గుడ్డు పోయినా నూనె పోలేదు! 'బ్రౌన్' బ్రెడ్డు సంగతీ అంతే. పొట్లం మీద పదార్థాల పట్టికను ఎక్కువ బరువున్నదానితో మొదలుపెట్టి రాయాలన్నది నియమం. ఆ పట్టికలో మొదటి మాట మైదా అయితే, ఆ గోధుమరంగు గోధుమ వల్ల వచ్చిందని నమ్మనక్కరలేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాలు కూడా పొట్లాల మీది ఇలాంటి మాటలను నమ్మి మోసపోవద్దనే హెచ్చరించాయి. ఆ ముందు సంవత్సరమే, దేశంలో మధుమేహులు పదికోట్లకు పైమాటే అని భారత వైద్య పరిశోధన మండలి వారి అధ్యయనం చెప్పింది.

సరే, మరి ఏమి తినాలి? శాండ్‌విచ్చే తినవచ్చును. మయొనైజు బదులు పుదీనా పచ్చడి రాయమనాలి. చీజు, వెన్న వద్దనాలి. లోపల ఉడికించిన గుడ్డో, నూనెలో వేయించని పనీరో, కాల్చిన కోడిమాంసమో ఉండాలి. అది లేని శాండ్‌విచ్ ఆకలిని వాయిదా వేస్తుంది, అంతే. కూరగాయలు ఇంకాస్త వేయమనడానికి మొహమాటం దేనికి? తాగడానికి మంచినీళ్లు, లేదా ఉప్పు తక్కువ వేసిన మజ్జిగ. ఇంత చేస్తే మావాడి 580 కాస్తా 250 ప్రాంతానికి దిగుతుంది. కడుపూ నిండుతుంది. మందుల సంగతి వైద్యుడిది, అందులో నేను వేలు పెట్టను.

ఇంతవరకూ చదివి, "అందుకే మన తిండే గొప్ప" అని చప్పట్లు కొట్టబోతున్న మిత్రులు కాస్త ఆగాలి. 'మన' అనేదీ విశేషణమే. దానికి పరీక్ష అక్కరలేదా? పక్కనున్న అంబాజీపేట పొట్టిక్కలను నేను మనసారా పొగుడుతాను. పనసాకు బుట్టలో పిండి పోసి ఆవిరి మీద ఉడికించే పదార్థానికి నూనె చుక్క అవసరం లేదు, పైగా ఆ ఆకు వాసన! కాని దాని సరసన పడే కొబ్బరి పచ్చడి మాటో? కోనసీమవాడి చేయి కొబ్బరి దగ్గర ఎప్పుడూ ధారాళమే. పచ్చి కొబ్బరి వంద గ్రాములకు 350 కెలోరీల వరకూ ఉంటుంది. పొట్టిక్క తిన్నామా, పొట్టిక్క నెపంతో అర కొబ్బరిచిప్ప తిన్నామా అన్నది చూసుకోవాలి. పెసరట్టులో పెసలున్నాయి గనుక మేలే, కాని దాన్ని నూనెలో తేలించి ఉప్మా కూరితే లెక్క మారిపోతుంది. మిరపకాయ బజ్జీ గురించి నన్ను అడగవద్దు. అది తెలుగువాడిది గనుక నూనె పీల్చదని ఏ శాస్త్రమూ చెప్పలేదు.

పది లేదా అంతకు మించి శాఖలున్న భోజనశాలలు పదార్థాల పట్టికలో కెలోరీలు చూపాలని 2020 నాటి కేంద్ర నియమావళి నిర్దేశించింది. చురుగ్గా ఉండే సగటు వయోజనుడికి రోజుకు 2000 చాలునన్న వాక్యమూ దాని వెంట ఉండాలి. మంచిదే. నగరాలలో చదువుకుంటున్న మా పిల్లలు ఆ అంకె చూసుకుని, అదనపు చీజు, జతగా ఇచ్చే పానీయం కూడా కలుపుకుని కూడుకోవచ్చును. మా ప్రాంతపు ఒంటరి బేకరీకి ఆ నియమం వర్తించదు. ఇక్కడ నోటితో అడగవలసిందే.

అందుకని మా ఊళ్లో ఒక బేకరీ యజమానిని నేనే అడిగాను. "మయొనైజు లేకుండా ఇస్తారా బాబూ?" అంటే, "ఆయ్, ఎందుకివ్వమండీ, ఎవరూ అడగరండి," అన్నాడు. "అడగవచ్చునని వాళ్లకు తెలియదు. పలక మీద రాసి పెట్టండి," అన్నాను. తనకు రాత బాగుండదన్నాడు. "మయొనైజు, వెన్న లేకుండా కూడా దొరుకును" అన్న ఒక్క వాక్యం రాయడానికి వచ్చే సోమవారం వెళుతున్నాను. కొత్తపేట, అమలాపురం, రాజోలు బేకరీలవారు పిలిచినా వస్తాను, సుద్దముక్క నాదే.