గ్రామసేవికకు గావలసిన శిక్షణము

గృహమున జరుగు హింసకు మొట్టమొదటి సాక్షి పోలీసువాడు కాడు, న్యాయాధికారియు గాడు. ఊరిలో ఇల్లిల్లు దిరుగు ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు, మహిళాసంఘపు లెక్కలు వ్రాయు యువతి - వీరే ఆ సాక్షులు. గర్భిణి చేతిమీద కమిలిన మచ్చ వీరి కంటబడును. సంఘపు సభ్యురాలు పొదుపు సమావేశమునకు ఏల రాలేదో వీరికి దెలియును. ఆ సమయమున వీరి నోట వెలువడు తొలిమాట మీదనే బాధితురాలి బ్రతుకు ఆధారపడి యుండును. "సర్దుకొని పొమ్ము" అన్నచో ఆమె మరల నోరు విప్పుటకు ఏండ్లు పట్టును. ఒక్కొక్కప్పుడు ఆ యవకాశమే రాకపోవును. గ్రామాభివృద్ధి కార్యకర్తలకు ఈ విషయమున క్రమమైన శిక్షణ మీయవలెనని మేము కోరుటకు గారణ మిదియే.

2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము తెలంగాణమున వివాహమాడిన స్త్రీలలో నూటికి 36.9 మంది భర్తలచేత హింస ననుభవించినవారు. దేశమందలి సగటు 29.3. ఏదో యొక కారణమున భర్త భార్యను గొట్టుట తగునని చెప్పిన స్త్రీలు మన రాష్ట్రమున నూటికి 83.8 మంది. హింసకు గురియైన స్త్రీలలో సాయము గోరినవారు దేశము మొత్తముమీద నూటికి 14 మంది మాత్రమే. ఈ యంకెలను కలిపి చదువవలెను. కార్యకర్తయు ఈ సమాజముననే పుట్టి పెరిగినది; ఆమె మనస్సునను ఆ యభిప్రాయము వేరూని యుండుటలో వింత లేదు. కావున శిక్షణము చట్టముకంటె ముందు కార్యకర్త సొంత నమ్మకములతో నారంభము గావలెను.

ఇది సాధ్యమా యని సందేహించువారు హైదరాబాదునకు పడమట, బిజాపురపు బాటమీద నున్న మొయినాబాదు, చేవెళ్ల మండలములను జూడవచ్చును. మామిడిపూడి వెంకటరంగయ్యగారి పేరిట వెలసిన సంస్థ 1991 నుండి రంగారెడ్డి జిల్లాలో బాలకార్మికులను బడికి దెచ్చు ఉద్యమమును నడపినది ఈ ప్రాంతముననే. దానికి నాయకత్వము వహించిన శ్రీమతి శాంతా సిన్హాగారికి 2003లో మెగసెసే పురస్కారము లభించినది. పేదల బిడ్డలు పనిచేయక తప్పదను నమ్మకము ఆనాడు అధికారులలోను, ఉపాధ్యాయులలోను గూడ నుండెను. పేద తలిదండ్రులు సైతము బిడ్డల చదువును గోరుదురనియు, బడికి బోని ప్రతిబిడ్డయు కార్మికుడే యనియు ఆ సంస్థ తన కార్యకర్తలకు మొదట బోధించినది. ఆ దృష్టి కుదిరిన పిదపనే వారి మాటను ఊరు విన్నది. చేవెళ్ల మండలమందలి ఆలూరులో బాలికల చదువునకై శిబిరము నడచినది. బాలికను బడిలో నిలుపుట బాల్యవివాహము నాపుటకును దారితీయును. బిడ్డల విషయమున ఫలించిన పద్ధతి తల్లుల విషయమున ఏల ఫలింపరాదు?

పిమ్మట చట్టము. గృహహింసనుండి స్త్రీలను రక్షించు 2005 నాటి చట్టము 2006 అక్టోబరు 26 నుండి అమలులో నున్నది. హింస జరుగుచున్నదని ఎవరైనను రక్షణాధికారికి దెలుపవచ్చును. సద్భావముతో దెలిపినవారికి శిక్ష లేదు. ఇల్లు తన పేర లేకున్నను అందు నివసించు హక్కు భార్యకు గలదు. దరఖాస్తు అందిన మూడు దినములలో సాధారణముగా తొలి విచారణ జరుగవలెను. 60 దినములలో పరిష్కరించుటకు న్యాయస్థానము యత్నింపవలెను. ఇవి తెలిసిన కార్యకర్త చేతిలో 181 అను టెలిఫోను అంకెయు, సఖి కేంద్రపు చిరునామాయు ఆయుధములగును. తెలియనిచో అవి గోడమీది వ్రాతలే.

చట్టముతోబాటు నేర్పు గూడ గావలెను. బాధితురాలితో అత్తమామల యెదుట గాక ఏకాంతమున మాటాడుట, ఆమె గుట్టు గాచుట, ఆమె సమ్మతి లేక అడుగు వేయకుండుట, గాయములను వైద్యునిచే నమోదు చేయించుట - ఇవి యభ్యాసమువలన గాని యలవడవు. నేడు గొంతు నులిమినవాడు రేపు ప్రాణము దీయవచ్చునని గుర్తించుటయు ఇందొకటి. ఒక్కపూట ఉపన్యాసముతో ఇది ముగియదు. కార్యకర్తయు ఆ యూరనే కాపురముండవలెను. కొట్టినవాడు పలుకుబడి గల యింటివా డైనచో ఆమెకు అండ యెవరు? అధికారుల తోడ్పాటు, తగిన భృతి, నెలనెల పునశ్చరణ లేనిదే శిక్షణము నిష్ఫలము.

ఇదంతయు పరదేశపు బోధ యను వారు గలరు. 1930లో జోగిపేటలో ఆంధ్రమహాసభతోబాటు శ్రీమతి నడింపల్లి సుందరమ్మగారి యధ్యక్షతను మహిళాసభ జరిగినది. స్త్రీల కష్టములను సభలో చర్చించుట ఈ నేలకు క్రొత్త గాదు.

చివరి మాట మన పాఠకులకు. నగరము విస్తరించి ఈ మండలములలో గుంట నేల సైతము బంగారమైనది. భూమి వెల పెరిగినచోట పుట్టింటినుండి తెమ్మను పీడనయు పెరుగవచ్చును. హిందూ కుటుంబములలో కుమార్తెకు సమభాగమును ఆంధ్రప్రదేశము 1986 నాటి చట్టముతోను, దేశము 2005లోను అంగీకరించినవి. ఆ భాగము నడిగిన ఆడుబిడ్డను ఇంటికి శత్రువుగా జూడరాదు. పెద్దమనుషుల పంచాయతీలో కాగితము వ్రాయించుకొని, దెబ్బలు దిన్న స్త్రీని ఆ యింటికే పంపుట రాజీ యనిపించుకొనును గాని రక్షణ యనిపించుకొనదు. కార్యకర్త రక్షణాధికారిని బిలిచినప్పుడు ఊరి పరువు పోయెనని ఆమెపై మండిపడకుండుట పెద్దల తొలి కర్తవ్యము. ప్రభుత్వము శిక్షణ నిచ్చుగాక. ఆమెకు ఊరిలో నిలువనీడ నిచ్చుట మాత్రము మనవంతు.